పేరు సరిగ్గానే ఉంది, అడిగిందెవరు?

(జావా సర్వర్ల మీద పనిచేసేవాళ్ల కోసం హైదరాబాద్‌లో ఒక శనివారం సాయంత్రం చేసిన ప్రసంగం. మాటల్లో దొర్లిన పునరుక్తులు కొన్ని తీసేసి, మిగతాది ఉన్నదున్నట్టు ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

స్లైడ్లు తెచ్చాను కానీ చూపించలేను. నా ల్యాప్‌టాప్ ఈ ప్రొజెక్టర్‌ని గుర్తుపట్టనంటోంది. కనెక్షన్ దొరకకపోతే ఏం చెయ్యాలో చెప్పడానికి వచ్చినవాడికి మంచి శకునమే ఎదురైంది. (నవ్వులు) కాబట్టి ఎర్రర్ మెసేజ్‌లన్నీ నోటితోనే చదువుతాను. కాస్త ఓపిక పట్టండి.

నాలుగేళ్ల కిందటి సంగతి. విశాఖపట్నంలో మా పిన్ని కూతురి పెళ్లి చూసుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాను. ఖమ్మం దాటాం, వరంగల్ ఇంకా రాలేదు. రాత్రి రెండున్నరకి ఫోను. మా టీములో కుర్రాడు. "అన్నా, రిపోర్టుల జాబ్ పడిపోయింది. డేటాబేస్ దొరకట్లేదంటోంది" అన్నాడు.

ఆ జాబ్ ఏమిటో చెప్పాలి. ఒక సంస్థలో రిపోర్టింగ్ సర్వర్ ఒకటి టామ్‌క్యాట్ మీద, అంటే జావా వెబ్ అప్లికేషన్లని నడిపించే ప్రోగ్రాం మీద నడుస్తోంది. సర్వర్ మేం రాసింది కాదు, వాళ్లు కొనుక్కున్నది. దానికి ఒక ప్లగిన్, అంటే తగిలించుకునే అదనపు ప్రోగ్రాం, మాత్రం మేం రాశాం. రోజూ రాత్రి రెండింటికి లేచి, ఆ రోజు లెక్కలు తీసి, ఎక్సెల్ ఫైళ్లు కట్టి, మేనేజర్లకి మెయిల్ పంపడం దాని పని. రెండేళ్లపాటు ఒక్క రాత్రి కూడా తప్పలేదు. ఆ శుక్రవారం సాయంత్రమే సర్వర్‌ని కొత్త మెషిన్ మీదికి మార్చారు. జావా 8 పోయి 11 వచ్చింది. టామ్‌క్యాట్ 8 పోయి 9 వచ్చింది. శుక్రవారం సాయంత్రం మార్పులు చెయ్యకండి నాయనా అని ఎంత మొత్తుకున్నా వినరు, అది వేరే ప్రసంగం.

రైల్లో కూర్చుని నేనేం చూడగలను? సిగ్నల్ వస్తోంది, పోతోంది. "పాస్‌వర్డ్ ఏమైనా మార్చారేమో, డీబీఏ గారిని లేపి అడుగు" అన్నాను. డీబీఏ అంటే డేటాబేస్ చూసుకునే ఆయన. ఇక్కడే నా మొదటి తప్పు జరిగింది. ఎర్రర్‌లో 'డేటాబేస్' అన్న మాట వినపడగానే డేటాబేస్ వాళ్ల మీదికి వెళ్లిపోయాను. అందరం అంతే కదా.

డీబీఏ గారు పెద్దాయన. తెల్లవారుజామున లేచి అంతా చూశారు. డేటాబేస్ నడుస్తోంది. యూజర్ ఉన్నాడు. పాస్‌వర్డ్ మారలేదు. సర్వర్ అడ్మిన్ పేజీలో 'టెస్ట్ కనెక్షన్' అని ఒక బటన్ ఉంటుంది, నొక్కితే పచ్చగా వెలుగుతోంది. "పచ్చగా ఉంది కదండీ, ఇంకా నన్నేం చెయ్యమంటారు?" అన్నారాయన. ఆ తరువాత ఫైర్‌వాల్ వాళ్లని పట్టుకున్నాం. వాళ్లు పోర్టులన్నీ చూపించారు. పగలు మేం ప్లగిన్ పేజీలో 'ఇప్పుడే పంపు' బటన్ నొక్కితే మెయిల్ వెళ్తోంది. రాత్రి రెండింటికి వెళ్లడం లేదు. రాత్రి బ్యాకప్ ఏదో నడుస్తోందేమో, డేటాబేస్ బిజీ అయి కనెక్షన్ ఇవ్వడం లేదేమో అని ఒక సిద్ధాంతం కట్టాం. ఆ సిద్ధాంతం మీద డీబీఏ గారితో పెద్ద గొడవ. ఇలా మూడు రోజులు పోయాయి.

ఇక్కడ కాసేపు కథ ఆపుతాను. అసలు ఈ 'దొరకడం' అంటే ఏమిటో చెప్పకపోతే తరువాతిది అర్థం కాదు.

ప్లగిన్‌కి డేటాబేస్ కావాలంటే రెండు దారులు. చిరునామా, యూజర్, పాస్‌వర్డ్ అన్నీ తన దగ్గరే పెట్టుకుని నేరుగా వెళ్లడం ఒకటి. సర్వర్‌ని పేరు పెట్టి అడగడం రెండోది. ఈ రెండో దారినే జేఎన్‌డీఐ లుకప్ అంటాం. కొత్తదేం కాదు, 2000లో వచ్చిన జావా 1.3 నుంచి జావాలోనే ఉంది. ఇక్కడున్నవాళ్లలో కొందరు దానికంటే చిన్నవాళ్లు. డేటాబేస్ ఎక్కడుంది, ఎవరి పేరుతో లోపలికి వెళ్లాలి, ఒకేసారి ఎన్ని కనెక్షన్లు తెరవొచ్చు, ఇవన్నీ అడ్మిన్ ఒకచోట రాసిపెడతాడు. టామ్‌క్యాట్ అయితే సర్వర్ డాట్ ఎక్స్ఎంఎల్‌లోనో, కాంటెక్స్ట్ డాట్ ఎక్స్ఎంఎల్‌లోనో 'రిసోర్స్' అని రాసి, దానికో పేరు పెడతాడు. మాది 'జేడీబీసీ స్లాష్ రిపోర్ట్స్'. జేడీబీసీ అంటే జావా డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి. ప్రోగ్రాం మాత్రం పూర్తి పేరుతో అడగాలి: జావా కోలన్ కాంప్, స్లాష్ ఈఎన్‌వీ, స్లాష్ జేడీబీసీ, స్లాష్ రిపోర్ట్స్. అడిగితే చేతికి వచ్చేది కనెక్షన్ కాదు, డేటాసోర్స్. అంటే కనెక్షన్లు ఇచ్చే కౌంటర్ అనుకోండి. కౌంటర్ దగ్గరికి వెళ్లి కనెక్షన్ తీసుకోవాలి, పని అవగానే తిరిగి ఇచ్చెయ్యాలి.

ఈ పేరులో చాలామంది పట్టించుకోని ముక్క మొదటిది, 'కాంప్'. కాంపొనెంట్ అని. అంటే అడుగుతున్నవాళ్లది అని అర్థం.

పెళ్లి మండపంలో ఒక పిల్లాడు "అమ్మా!" అని అరిస్తే పాతికమంది తిరిగి చూస్తారు. (నవ్వులు) కానీ వాడికి కావలసింది ఒక్కరే. అమ్మ అనే పేరు అందరికీ ఒకటే, ఎవరి నోటి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి మనిషి మారుతుంది. జావా కోలన్ కాంప్ అచ్చం అలాంటి పేరు. ఒకే టామ్‌క్యాట్‌లో ఐదు అప్లికేషన్లు ఉండి, ఐదూ అక్షరం పొల్లుపోకుండా అదే పేరుతో అడిగాయనుకోండి, ఐదింటికీ వేరు వేరు డేటాబేస్‌లు రావచ్చు. ఒకదానికి వచ్చి ఇంకోదానికి అసలు రాకపోవచ్చు. పేరు తప్పు కాదు. అడిగినవాడు వేరు.

మరి అడిగింది ఎవరో టామ్‌క్యాట్‌కి ఎలా తెలుస్తుంది? పుష్కరాలకి వెళ్లేటప్పుడు తప్పిపోతారేమోనని పిల్లల జేబులో చిరునామా చీటీ పెడతామే, అలాగే ప్రతి థ్రెడ్ జేబులోనూ ఒక చీటీ ఉంటుంది. థ్రెడ్ అంటే ప్రోగ్రాం లోపల ఒక పని చేసుకుపోయే పనివాడు అనుకోండి. ఆ చీటీని కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్ అంటారు. క్లాస్‌లోడర్ అంటే క్లాసుల్ని, అంటే ప్రోగ్రాం ముక్కల్ని, వెతికి తెచ్చేది. టామ్‌క్యాట్ ఆ చీటీ తీసి చూస్తుంది. అందులో ఉన్న క్లాస్‌లోడర్ తనకి తెలిసిన అప్లికేషన్‌దైతే ఆ ఇంటి పేర్ల పట్టిక తెరుస్తుంది. తెలియకపోతే దాని తండ్రి ఎవరు, తాత ఎవరు అని పైకి వెతుకుతుంది. ఎక్కడా తెలిసినవాళ్లు తగలకపోతే, పేరు ఎంత స్పష్టంగా చెప్పినా 'లేదు' అంటుంది.

బ్రౌజర్ నుంచి రిక్వెస్ట్ వస్తే ఆ థ్రెడ్ జేబులో చీటీ పెట్టే పని టామ్‌క్యాటే చేస్తుంది. కాబట్టి 'టెస్ట్ కనెక్షన్' బటన్ ఎప్పుడూ పచ్చగానే వెలుగుతుంది. 'ఇప్పుడే పంపు' అన్న మా బటన్‌లో రిపోర్టులు ఒకదాని తరువాత ఒకటి ఆ రిక్వెస్ట్ థ్రెడ్‌లోనే నడుస్తాయి. రాత్రి జాబ్ మాత్రం త్వరగా అవ్వాలని నాలుగు రిపోర్టులనూ ఒకేసారి నడిపేలా రాశాం. అందుకు జావాలో ఉన్నది కంప్లీటబుల్ ఫ్యూచర్, సప్లై అసింక్. పూల్ అంటే పనికి సిద్ధంగా ఉంచిన థ్రెడ్‌ల గుంపు. వేరే పూల్ ఏదీ ఇవ్వకుండా సప్లై అసింక్ అంటే ఆ పని సాధారణంగా జావా సొంత ఉమ్మడి పూల్‌కి వెళ్తుంది, ఫోర్క్‌జాయిన్ కామన్ పూల్‌కి.

తెలిసిపోయినట్టుంది మీకు. ఔను, అదే.

జావా 8లో ఆ ఉమ్మడి పూల్ థ్రెడ్‌లు తమని పుట్టించిన థ్రెడ్ చీటీనే వారసత్వంగా తీసుకునేవి. మా అప్లికేషన్ థ్రెడ్ పుట్టించింది కాబట్టి మా చీటీ వచ్చేది. జావా 9 నుంచి అలా కాదు. ఆ థ్రెడ్‌ల జేబులో సిస్టమ్ క్లాస్‌లోడర్ చీటీ ఉంటుంది, ఎవరు పుట్టించినా సరే. ఎందుకు మార్చారంటే, అప్లికేషన్ తీసేసిన తరువాత కూడా ఆ ఉమ్మడి థ్రెడ్‌లు పాత చీటీని పట్టుకుని కూర్చునేవి, మెమరీ లీక్ అయ్యేది. న్యాయమైన మార్పే. నిజం చెప్పాలంటే రెండేళ్లు మా జాబ్ నడవడమే అదృష్టం. అదే టామ్‌క్యాట్‌లో ఇంకో అప్లికేషన్ ముందుగా ఆ పూల్‌ని తాకి ఉంటే వాళ్ల చీటీ మా జేబులోకి వచ్చేది. పేరు కలిసిందంటే వాళ్ల డేటాబేస్‌లోంచి మా రిపోర్టులు వెళ్లేవి! అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. దొరకలేదనే ఎర్రర్ ఎంతో నయం.

మరి మూడు రోజులు ఎందుకు పట్టింది? దీనికి నేనే తల వంచుకోవాలి. మా కోడ్ అసలు ఎక్సెప్షన్‌ని, అంటే జావా ఇచ్చిన ఎర్రర్‌ని, పట్టుకుని, పారేసి, "డేటాసోర్స్ దొరకలేదు" అని మా సొంత మెసేజ్ ఒకటి విసిరేది. యూజర్లకి అర్థమయ్యే భాషలో ఉండాలని. లోపలి కారణాన్ని జత చెయ్యలేదు. పైగా లాగ్‌లో థ్రెడ్ పేరు లేదు. లాగ్ లైన్ ఎలా ఉండాలో చెప్పే ప్యాటర్న్‌లో థ్రెడ్ పేరు కోసం పర్సెంట్ టీ అని ఉంటుంది చూడండి, లైన్లు మరీ పొడుగ్గా ఉన్నాయని దాన్ని ఎవరో తీసేశారు. ఆ ఎవరో నేనే. (నవ్వులు)

నాలుగో రోజు ఆ కుర్రాడే ఆ రెండూ తిరిగి పెట్టాడు. రాత్రి రెండింటికి రెండు లైన్లు పడ్డాయి. పగలు నడిచినప్పుడు థ్రెడ్ పేరు హెచ్‌టీటీపీ నియో 8080 ఎగ్జెక్ అని ఉంది. రాత్రిది ఫోర్క్‌జాయిన్‌పూల్ కామన్‌పూల్ వర్కర్. అసలు ఎర్రర్ ఏమిటంటే, జాగ్రత్తగా వినండి: నో ఇనీషియల్ కాంటెక్స్ట్ ఎక్సెప్షన్, క్యానాట్ ఇన్‌స్టాన్షియేట్ క్లాస్, ఆర్గ్ డాట్ అపాచీ డాట్ నేమింగ్ డాట్ జావా డాట్ జావాయూఆర్ఎల్‌కాంటెక్స్ట్‌ఫ్యాక్టరీ. దాని కింద క్లాస్ నాట్ ఫౌండ్.

ఇందులో డేటాబేస్ అన్న మాట ఎక్కడైనా ఉందా? పాస్‌వర్డ్ ఉందా? పోర్టు ఉందా? మా పేరు, రిపోర్ట్స్ అన్నది కూడా లేదు. పేరు వెతకడం దాకా రానే లేదు. పేర్లు వెతికిపెట్టే టామ్‌క్యాట్ క్లాసు దాని లిబ్ ఫోల్డర్‌లో ఉంటుంది, సిస్టమ్ క్లాస్‌లోడర్‌కి ఆ ఫోల్డర్ కనపడదు. ఉత్తరం మీద చిరునామా సరిగ్గా రాశాం, ఊళ్లో పోస్టాఫీసే లేదు. మేం వెళ్లి గొడవపడింది ఉత్తరం అందుకోవలసిన పెద్దాయనతో.

సవరణ చిన్నదే. డేటాసోర్స్‌ని జాబ్ లోపల, పరాయి థ్రెడ్‌లో వెతకడం మానేశాం. ప్లగిన్ మొదలయ్యేటప్పుడు సర్వర్ మనల్ని పిలిచే థ్రెడ్‌లోనే ఒకసారి లుకప్ చేసి ఆ డేటాసోర్స్‌ని దాచుకుంటాం. చీటీ అవసరమయ్యేది వెతకడానికే. ఒకసారి చేతికి వచ్చాక ఏ థ్రెడ్ నుంచైనా కనెక్షన్ అడగొచ్చు. దానితోపాటు ఉమ్మడి పూల్ వాడకుండా మాకంటూ ఒక పూల్ పెట్టి, దాని థ్రెడ్‌ల జేబులో మా చీటీ మేమే పెట్టాం. మొత్తం కలిపి పదిహేను లైన్లు ఉంటుందేమో.

ఇక్కడో జాగ్రత్త. దాచుకోమన్నది డేటాసోర్స్‌ని, కనెక్షన్‌ని కాదు. ఈ ముక్క చెప్పాక కూడా ఒకచోట ఒక పెద్దమనిషి కనెక్షన్‌ని స్టాటిక్ వేరియబుల్‌లో దాచాడు. అది మైఎస్‌క్యూఎల్. ఎవరూ వాడని కనెక్షన్‌ని అది మామూలుగా 28,800 సెకన్ల తరువాత తెంపేస్తుంది, అంటే ఎనిమిది గంటలు. సాయంత్రం ఆఫీసు మూసేవరకూ బ్రహ్మాండంగా నడిచేది. పొద్దున వచ్చి మొదట నొక్కినవాడికి 'కమ్యూనికేషన్స్ లింక్ ఫెయిల్యూర్'. వాళ్లు రోజూ పొద్దున్నే సర్వర్‌ని రీస్టార్ట్ చెయ్యడం ఒక ఆచారంగా పెట్టుకున్నారు, దేవుడికి దీపం పెట్టినట్టు.

ఇప్పుడు రెండో రకం ఎర్రర్‌కి వస్తాను, మీకు ఎక్కువగా తగిలేది ఇదే. 'నేమ్ జేడీబీసీ స్లాష్ రిపోర్ట్స్ ఈజ్ నాట్ బౌండ్ ఇన్ దిస్ కాంటెక్స్ట్. అనేబుల్ టు ఫైండ్ జేడీబీసీ.' నూటికి తొంభైమంది మొదటి వాక్యం చదివి ఆగిపోతారు. అసలు సమాచారం రెండో వాక్యంలో ఉంది. ఏ ముక్క దగ్గర దారి తెగిందో టామ్‌క్యాట్ చెబుతోంది. 'అనేబుల్ టు ఫైండ్ జేడీబీసీ' అంటే ఊరే దొరకలేదు. ఈ అప్లికేషన్‌కి జేడీబీసీ కింద ఒక్క డేటాసోర్స్ కూడా కట్టలేదు, అంటే కాన్ఫిగరేషన్ ఫైలే చదవలేదేమో చూడాలి. అదే 'అనేబుల్ టు ఫైండ్ రిపోర్ట్స్' అని ఉంటే ఊరు దొరికింది, ఇల్లు దొరకలేదు. ఫైల్ చదివింది, వేరే డేటాసోర్స్‌లు ఉన్నాయి, మీది మాత్రం లేదు. అప్పుడు స్పెల్లింగ్ చూడండి, పెద్దక్షరం చిన్నక్షరం చూడండి. ఆర్ పెద్దదా చిన్నదా అన్నదాని మీద నా జీవితంలో ఒక ఆదివారం పోయింది.

కాన్ఫిగరేషన్ ఫైలే చదవకపోవడం ఎలా జరుగుతుంది? రెండు మూడు రకాలు. సర్వర్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో గ్లోబల్ నేమింగ్ రిసోర్సెస్ కింద రాసి, ఇక అందరికీ కనపడుతుందిలే అనుకుంటారు. కనపడదు. అది ఊరి చెరువు, మీ ఇంటికి నీళ్లు రావాలంటే పైపు వెయ్యాలి. ఆ పైపు పేరు రిసోర్స్‌లింక్, కాంటెక్స్ట్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో వెయ్యాలి. మేనేజర్ అప్లికేషన్‌లో టెక్స్ట్ స్లాష్ రిసోర్సెస్ అని కొడితే డేటాసోర్స్‌ల జాబితా వస్తుంది, అది చూసి మురిసిపోకండి. అది చూపించేది చెరువుని, మీ కుళాయిని కాదు.

ఇంకోటి మరీ చిరాకు పెట్టేది. మీరు అప్లికేషన్ లోపల మెటా ఇన్ఫ్ ఫోల్డర్‌లో ఉన్న కాంటెక్స్ట్ డాట్ ఎక్స్ఎంఎల్‌ని మారుస్తూ ఉంటారు, ఏ మార్పూ పట్టదు. ఎందుకంటే కాన్ఫ్ ఫోల్డర్‌లో క్యాటలీనా, లోకల్‌హోస్ట్ కింద మీ అప్లికేషన్ పేరుతో ఇంకో ఎక్స్ఎంఎల్ ఉంటుంది. అది ఉంటే టామ్‌క్యాట్ దాన్నే చదువుతుంది, మీదాన్ని చూడదు. మూడేళ్ల కింద ఉద్యోగం మానేసిన ఎవరో పెట్టి వెళ్లినది అయి ఉంటుంది. ముందు ఆ ఫోల్డర్ చూడండి.

మూడో రకం నాకు చాలా ఇష్టమైన ఎర్రర్. ఇష్టమంటే, దీన్ని చూడగానే మనిషిని కూర్చోబెట్టి రెండు నిమిషాల్లో సరిచేసి పంపొచ్చు, గొప్పగా ఉంటుంది. (నవ్వులు) 'క్యానాట్ క్రియేట్ జేడీబీసీ డ్రైవర్ ఆఫ్ క్లాస్' తరువాత ఖాళీ కోట్స్, 'ఫర్ కనెక్ట్ యూఆర్ఎల్' తరువాత 'నల్', అంటే ఏమీ లేదని. అందరూ డ్రైవర్ జార్, అంటే ఆ డేటాబేస్‌తో మాట్లాడే కోడ్ ఉన్న ఫైల్, లేదనుకుని జార్‌లు డౌన్‌లోడ్ చేస్తూ కూర్చుంటారు. మెసేజ్‌ని మళ్లీ వినండి. క్లాస్ పేరు ఖాళీ. యూఆర్ఎల్ నల్. డ్రైవర్ దొరకలేదని కాదు, ఏ డ్రైవరో దానికెవరూ చెప్పలేదని. సాధారణంగా వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో రిసోర్స్ రెఫ్ అని రాశారు, అంటే 'నాకు ఈ పేరుతో డేటాసోర్స్ కావాలి' అన్నారు. కానీ ఆ పేరుతో వివరాలు ఎక్కడా ఇవ్వలేదు, లేదా వేరే పేరుతో ఇచ్చారు. టామ్‌క్యాట్ ఒక ఖాళీ డేటాసోర్స్ తయారుచేసి చేతిలో పెడుతుంది. లుకప్ విజయవంతం! నల్ కాదు కాబట్టి మీ ఇఫ్ కండిషన్ కూడా దాటిపోతుంది. డబ్బా తెరిచాక గానీ అందులో లడ్డు లేదని తెలియదు. అందుకే ప్లగిన్ మొదలయ్యేటప్పుడు డేటాసోర్స్ దొరికిందా అని మాత్రమే చూసి సంతోషపడకుండా, ఒక కనెక్షన్ తీసి, 'ఈజ్ వాలిడ్' అడిగి, తిరిగి ఇచ్చెయ్యండి.

డ్రైవర్ జార్ సంగతి కూడా ఒక్క మాటలో. కనెక్షన్ల పూల్‌ని టామ్‌క్యాట్ నడిపిస్తుంటే జార్ టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డర్‌లో ఉండాలి. మీ ప్లగిన్ లోపలో, వెబ్ ఇన్ఫ్ లిబ్‌లోనో ఉంటే దానికి కనపడదు. కొడుకు జేబులో డబ్బు తండ్రికి తెలియదు, అంతే.

ఇక ప్లగిన్లకే ప్రత్యేకమైన తిప్పలు. మామూలు అప్లికేషన్ రాసేవాళ్లకి ఇవి తగలవు, అందుకే ఎక్కడా సరిగ్గా రాసి ఉండవు. ఎట్ రిసోర్స్ అని అనోటేషన్, అంటే కోడ్‌లో ఒక గుర్తు, పెడితే డేటాసోర్స్ దానంతటదే వచ్చి కూర్చుంటుందని చదువుకున్నాం కదా. వస్తుంది, సర్వ్‌లెట్‌కి, ఫిల్టర్‌కి, లిజనర్‌కి. అంటే కంటైనర్, ఇక్కడ టామ్‌క్యాట్, పుట్టించిన వాటికి. మీ ప్లగిన్ క్లాసుని పుట్టించేది ప్లగిన్‌ని తగిలించుకున్న హోస్ట్ అప్లికేషన్, మామూలు జావా కోడ్‌తో. దాన్ని కంటైనర్ ఎరగదు. అనోటేషన్ అలంకారంగా మిగిలిపోతుంది, ఎర్రర్ ఉండదు, వార్నింగ్ ఉండదు, కొసకి నల్ పాయింటర్.

ఓఎస్‌జీఐ అనే ప్లగిన్ల వ్యవస్థ మీద నడిచే హోస్ట్ అయితే ఇంకో సరదా. అక్కడ ప్రతి ప్లగిన్‌కీ ప్రహరీ గోడ ఉంటుంది. జావా డాట్ అని మొదలయ్యే ప్యాకేజీలు మాత్రమే గోడ దాటి వాటంతటవే వస్తాయి. జావాఎక్స్ డాట్ నేమింగ్, జావాఎక్స్ డాట్ ఎస్‌క్యూఎల్ కావాలంటే ఇంపోర్ట్ ప్యాకేజ్‌లో రాసుకోవాలి. జావాతోనే వచ్చే క్లాసు దొరకలేదని ఎర్రర్ వస్తే మనకి మతి పోతుంది. పైగా అలాంటి ప్లగిన్ తన చీటీనే థ్రెడ్ జేబులో పెట్టుకుని లుకప్ చేస్తే, ఇందాక చెప్పానే తండ్రి, తాత అని పైకి వెతకడం, ఆ వంశంలో వెబ్ అప్లికేషన్ ఉండకపోవచ్చు. అక్కడ నేను చేసేది, లుకప్ చేసే ముందు థ్రెడ్ పేరు, దాని క్లాస్‌లోడర్ పేరు రెండూ లాగ్ చెయ్యడం. ఆ రెండూ చూశాక ఊహించాల్సిన పని చాలావరకు ఉండదు.

సర్వర్ మారితే పేరు మారుతుంది, అది కూడా గుర్తుపెట్టుకోండి. వైల్డ్‌ఫ్లైలో జావా కోలన్ జేబాస్ స్లాష్ డేటాసోర్సెస్ అని మొదలవుతుంది. వెబ్‌లాజిక్‌లో ముందు ఏ తోకా లేకుండా అడ్మిన్ పెట్టిన పేరుతోనే దొరుకుతుంది. కాబట్టి పేరుని కోడ్‌లో పాతెయ్యకండి, సెట్టింగ్‌గా ఉంచండి. పదిరకాల తోకలు వరసగా తగిలించి ఏది తగిలితే అది తీసుకునే కోడ్ కూడా చూశాను. అది నాకు నచ్చదు. ఏ డేటాబేస్‌కి వెళ్లామో తెలియని విజయం కంటే వైఫల్యమే మేలు.

వెర్షన్ మార్పుల్లో రెండు ఉచ్చులు. టామ్‌క్యాట్ 10లో జావాఎక్స్ పేర్లు జకార్తా అయ్యాయి కదా, అని ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టేస్తారు. జావాఎక్స్ డాట్ ఎస్‌క్యూఎల్, జావాఎక్స్ డాట్ నేమింగ్ మాత్రం మారవు. అవి జావా సొంతం. జకార్తా డాట్ ఎస్‌క్యూఎల్ అని ఏదీ లేదు. రెండోది, టామ్‌క్యాట్ 7 నుంచి 8కి వెళ్లినప్పుడు కనెక్షన్ల పూల్ లైబ్రరీ మారింది. ఒకేసారి ఎన్ని కనెక్షన్లు ఇవ్వాలో చెప్పే మ్యాక్స్ యాక్టివ్ అన్నది మ్యాక్స్ టోటల్ అయింది. పాత పేరుతో 100 అని రాసి ఉంటే దాన్ని పక్కనపెట్టి, మామూలు విలువ 8 తీసుకుంటుంది. లాగ్‌లో ఒక వార్నింగ్ ఇస్తుంది, ఎవరు చదువుతారు? ఎనిమిది మంది దాకా అంతా సాఫీగా నడుస్తుంది. తొమ్మిదోవాడు ఎదురుచూస్తూ ఉండిపోతాడు, ఎర్రర్ కూడా రాదు, ఎందుకంటే ఎంతసేపు ఆగాలో చెప్పే సెట్టింగ్ పేరు కూడా మారింది, దాని మామూలు విలువ ఎప్పటికీ ఆగమనే. దీన్ని లుకప్ సమస్య అని నా దగ్గరికి తెచ్చినవాళ్లు ఉన్నారు.

2021 డిసెంబర్ గుర్తుందిగా, జావా ప్రోగ్రాంలు లాగ్ రాయడానికి వాడే లాగ్‌ఫోర్‌జేలో బయటపడ్డ సెక్యూరిటీ లోపం గొడవ. ఇక్కడ సగంమంది ఆ నెల నిద్రపోయి ఉండరు. అప్పటినుంచి జేఎన్‌డీఐ అంటేనే సెక్యూరిటీ వాళ్లు ఉలిక్కిపడుతున్నారు. బయటి నుంచి వచ్చిన మాటని పేరుగా తీసుకుని వెతకడం అక్కడి ప్రమాదం. మన సర్వర్‌లో మనం పెట్టిన పేరుని మనమే అడగడం అది కాదు. అయితే ఆ సవరణల పుణ్యమా అని, లాగ్‌లను డేటాబేస్‌లో రాసేవాళ్లకి 2.17 తరువాత జేఎన్‌డీఐ డేటాసోర్స్ వాడటం మామూలుగా ఆగిపోయి ఉంటుంది. కావాలంటే లాగ్‌ఫోర్‌జే2 డాట్ ఎనేబుల్ జేఎన్‌డీఐ జేడీబీసీ అని ప్రాపర్టీ పెట్టుకోవాలి. మీ డేటాసోర్స్‌లో తప్పేమీ ఉండదు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(శ్రోతల్లోంచి: సార్, ప్లగిన్‌లోనే యూఆర్ఎల్, పాస్‌వర్డ్ పెట్టుకుంటే ఈ బాధంతా ఉండదు కదా?)

ఈ బాధ ఉండదు, వేరే బాధ వస్తుంది. మీ ప్లగిన్‌కి ఒక పూల్, పక్క ప్లగిన్‌కి ఒక పూల్, హోస్ట్‌కి ఒకటి. డేటాబేస్ ఒప్పుకునే కనెక్షన్లు మామూలుగా పోస్ట్‌గ్రెస్‌లో 100, మైఎస్‌క్యూఎల్‌లో 151. ఎవరి ఇరవై వాళ్లు పట్టుకుంటూ పోతే ఎన్నాళ్లు సరిపోతాయి? పాస్‌వర్డ్ మార్చిన రోజు ఎన్ని చోట్ల మార్చాలో ఎవరికీ తెలియదు. అయినా ఒక్క చిన్న ప్లగిన్, అరుదుగా నడిచేది అయితే నేనూ అలాగే చేస్తాను, నిజం దాచడం ఎందుకు. కానీ డ్రైవర్ జార్ మీ దగ్గరే ఉంటే క్లాస్‌ని మీరే రిజిస్టర్ చేసుకోండి. లేకపోతే 'నో సూటబుల్ డ్రైవర్' అంటుంది.

(శ్రోతల్లోంచి: స్ప్రింగ్ బూట్‌లో లుకప్ పనిచెయ్యడం లేదు సార్. అదే కోడ్ బయటి టామ్‌క్యాట్‌లో పనిచేస్తోంది.)

లోపల పొదిగిన టామ్‌క్యాటా? అందులో నేమింగ్ మామూలుగా ఆపేసి ఉంటుంది. ఎనేబుల్ నేమింగ్ అని మీరే పిలవాలి, రిసోర్స్‌ని కూడా కోడ్‌లోనే కట్టాలి. కానీ ముందు అసలు అవసరమా అని ఆలోచించండి. సర్వర్ మీ అప్లికేషన్ లోపలే ఉన్నప్పుడు సర్వర్‌ని పేరు పెట్టి అడగడం ఎందుకు? స్ప్రింగ్ ఇచ్చే డేటాసోర్స్‌ని నేరుగా తీసుకోండి.

(శ్రోతల్లోంచి: ఆ డీబీఏ గారు ఏమన్నారు సార్ చివరికి?)

(నవ్వులు) ఏమంటారు. నేనే వెళ్లి క్షమించమని అడిగాను. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు నా ఖర్చు. "ఈసారి టికెట్‌లో థ్రెడ్ పేరు లేకపోతే నేను ఫోన్ ఎత్తను" అన్నారు. ఇప్పటికీ ఎత్తడం లేదు. ఆయన రిటైరయ్యారు లెండి.